వడ్డీ కంటే ముందు వాయిదా చూడండి: గోదావరి డెల్టాలో ఏ అప్పు ఎవరికి, ఏ పొదుపు ఎవరికి

మన వైపు ఎవరినైనా "ఎంతకి తెచ్చావు?" అని అడిగితే "రూపాయిన్నరకి" అనో "రెండుకి" అనో ఠక్కున చెబుతారు. "ఎప్పటికి కట్టాలి?" అంటే మాత్రం "చూద్దాం, పంట రానీ" అంటారు. నా లెక్కలో అసలు చిక్కంతా ఈ రెండో జవాబులో ఉంది. డెల్టాలో రైతు చేతికి డబ్బు నెలనెలా రాదు. సార్వా (ఖరీఫ్) ధాన్యం డబ్బు నవంబరు, డిసెంబరుల్లోనూ, దాళ్వా (రబీ) డబ్బు ఏప్రిల్, మే నెలల్లోనూ వస్తుంది. కొబ్బరికైతే దింపు దింపుకీ, రొయ్యకైతే చెరువు పట్టిన రోజునా వస్తుంది. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలేసరికి దమ్ము, నారుమడి, ఎరువుల ఖర్చులతో పాటు పిల్లల ఫీజులు కూడా మీద పడతాయి. అప్పటికి దాళ్వా డబ్బులో సగం పాత బాకీలకే పోయి ఉంటుంది. కాబట్టి ఇక్కడ అప్పుల్ని, పొదుపుల్ని పోల్చేటప్పుడు శాతం ఒక్కటే చూస్తే చాలదు. వాడు ఎప్పుడు కట్టమంటున్నాడు, మనకు ఎప్పుడు వస్తుంది, ఈ రెండు తేదీలూ కలుస్తున్నాయా అన్నది మొదట చూసుకోవాలి.

లెక్కలు కలవాలంటే అన్నిటినీ ఒకే కొలతలోకి తెచ్చుకోవాలి. ఊళ్లో వడ్డీ నెలకు నూటికి ఇంత అంటారు, బ్యాంకు ఏడాదికి చెబుతుంది. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రెండంటే 24, మూడంటే 36. బ్యాంకు వాళ్ల 9 శాతం మన భాషలో ముప్పావలా వడ్డీ. లక్ష రూపాయలు 8 నెలలు వాడుకుంటే 4 శాతం పంట రుణానికి సుమారు 2,670, 9 శాతం బంగారు రుణానికి 6,000, రెండు రూపాయల చేబదులుకు 16,000, మూడు రూపాయలకైతే 24,000 అవుతుంది. ఈ నాలుగు అంకెలూ ఒక కాగితం మీద రాసి బీరువా తలుపుకి లోపల అంటించుకోండి. పైన చెప్పిన శాతాలు బ్యాంకును బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి, తేడా మాత్రం ఇలాగే ఉంటుంది.

పంట పెట్టుబడికి

సొంత పొలం ఉండి, భూమి పాస్‌బుక్కు మీ పేరునే ఉంటే రెండో ఆలోచన అక్కర్లేదు. కిసాన్ క్రెడిట్ కార్డు, అంటే మనం పంట రుణం అనేది, 1998 నుంచి ఉంది. 3 లక్షల వరకు వడ్డీ 7 శాతం. గడువు లోపు కట్టేస్తే కేంద్రం 3 శాతం తిరిగి ఇస్తుంది, అంటే నికరంగా 4 శాతం పడుతుంది. 2025 జనవరి నుంచి 2 లక్షల వరకు తాకట్టు అడగకూడదు. ఎకరానికి ఎంత ఇవ్వాలన్నది జిల్లా స్థాయి కమిటీ పంటవారీగా నిర్ణయిస్తుంది. దాన్నే స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ అంటారు. బ్యాంకుకు వెళ్లే ముందు ఈ ఏడాది వరికి, అరటికి, కొబ్బరికి ఎంత పెట్టారో కనుక్కుని వెళితే "ఇంతే వస్తుంది" అన్నప్పుడు నిలబడి మాట్లాడొచ్చు.

ఇందులో ప్రాణమంతా గడువులో ఉంది. గడువు దాటితే ఆ 3 శాతం పోతుంది, ఆ పైన బ్యాంకు మామూలు రేటు పడుతుంది. అందుకే మార్చి వచ్చిందంటే ఊళ్లో తిరగరాసుకునే హడావుడి మొదలవుతుంది. నాలుగు రోజులకని ఎవరి దగ్గరో డబ్బు తెచ్చి బ్యాంకులో కట్టి, మళ్లీ కొత్త రుణం తీసుకుని అది వాళ్లకు ఇచ్చేస్తారు. ఆ నాలుగు రోజులకు ఇచ్చేవాడు లక్షకు ఇంత అని పుచ్చుకుంటాడు. అలా ఏటా చేస్తే కాగితం మీద 4 శాతం, చేతి నుంచి పోయేది ఇంకాస్త ఎక్కువ. సార్వా డబ్బు వచ్చిన వారంలోనే పంట రుణం ఖాతాలో కొంతైనా వేసేసి, జూన్‌లో మళ్లీ తీసుకోవడం మేలు. కార్డు పరిమితిలో ఎన్నిసార్లయినా కట్టుకోవచ్చు, తీసుకోవచ్చు, వాడిన రోజులకే వడ్డీ. చాలామంది దాన్ని ఏడాదికోసారి తీసుకునే ముద్ద అప్పులాగా వాడుతున్నారు.

కౌలు రైతు సంగతి వేరు. డెల్టాలో దున్నేవాళ్లలో చాలామందికి సొంత సెంటు కూడా ఉండదు. 2019 చట్టం ప్రకారం 11 నెలలకు పంట సాగుదారు హక్కు పత్రం, అదే కౌలు కార్డు ఇస్తారు. దానికి భూ యజమాని సంతకం కావాలి. సంతకం దొరికినా, ఆ సర్వే నంబరు మీద యజమాని ముందే పంట రుణం తీసుకుని ఉంటే అదే నేల మీద బ్యాంకు రెండోసారి ఇవ్వదు. కౌలు మాట్లాడుకునేటప్పుడే ఈ సంగతి అడిగేయండి. "మీరు బ్యాంకులో తీసుకోకపోతే నా కార్డుకి సంతకం పెట్టండి, తీసుకుంటే కౌలు ఒక బస్తా తగ్గించండి" అని అడగడంలో తప్పేమీ లేదు. ఒప్పుకునేవాళ్లు కొందరైనా ఉంటారు.

కార్డు రాని కౌలు రైతుకు నా వరుస ఇది: ఇంట్లో ఆడవాళ్ల డ్వాక్రా రుణం మొదట, బంగారం మీద రుణం తర్వాత, చేబదులు ఆఖరున. డ్వాక్రాలో 3 లక్షల వరకు వడ్డీ 7 శాతం దాటకూడదన్నది జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ నియమం. హామీ ఉండదు, సంఘమే హామీ. అయితే డ్వాక్రా వాయిదా నెలనెలా కట్టాలి. వరి డబ్బు అయిదారు నెలలకోసారి వస్తుంది కాబట్టి, గేదె పాలో, కుట్టు మిషనో, నరసాపురం వైపు లేసు పనో, నెలకింత వచ్చే దారి ఒకటి ఉన్న ఇంటికే ఇది సరిపోతుంది. అలాంటిదేమీ లేని ఇంట్లో డ్వాక్రా డబ్బును పొలంలో పోస్తే, మూడో నెలకి ఆ వాయిదా కట్టడానికి ఇంకో అప్పు చేస్తారు. సంఘం ముందు మాట పడకూడదని రెండు రూపాయలకు తెచ్చి కట్టే ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

వడ్డీ లేని అప్పు

దీనికి కాస్త ఎక్కువ చోటు ఇస్తాను, ఎందుకంటే ఇది కంటికి కనపడదు. ఊళ్లో ధాన్యం వ్యాపారి జూన్‌లో 50,000 ఇస్తాడు. "మనలో మనకు వడ్డీ ఏంటండీ, పంట నాకే వెయ్యండి" అంటాడు. 2025-26లో సాధారణ రకం వరికి మద్దతు ధర క్వింటాలు 2,369. మన 75 కిలోల బస్తాకు 1,777 పడుతుంది. ఆయన తేమ ఉందనో, తాలు ఉందనో చెప్పి 1,600కు కట్టుకున్నాడనుకుందాం. బస్తాకు 177 చొప్పున 60 బస్తాలకు 10,620 రూపాయలు పోయాయి. 50,000కు ఆరు నెలలకు అంత అంటే నెలకు మూడున్నర రూపాయల వడ్డీ. ఇదే డబ్బు రెండు రూపాయలకు తెచ్చుకుని, ధాన్యం రైతు సేవా కేంద్రం ద్వారా మద్దతు ధరకు వేసుంటే వడ్డీ 6,000తో పోయేది. తేమ 17 శాతం లోపు ఉండాలి, డబ్బు ఖాతాలో పడడానికి కొన్ని రోజులు ఆగాలి, కల్లంలో ఆరబోసుకోవాలి, వాన వస్తే బరకాలు కప్పుకోవాలి. ఈ అవస్థ పడలేకే వ్యాపారికి వేస్తారన్నది నిజమే. ఆ అవస్థకి వెల ఎంతో తెలిసి వేస్తే నాకేమీ అభ్యంతరం లేదు.

రొయ్యల చెరువుల దగ్గర ఇదే కథ ఇంకా పెద్ద అంకెల్లో నడుస్తుంది. భీమవరం, ఆకివీడు, ఉండి ఊళ్ల చుట్టుపక్కల మేత బస్తాలు అరువుకే వస్తాయి. 2018-19 నుంచి ఆక్వాకి, పాడికి కూడా కిసాన్ క్రెడిట్ కార్డు వర్తిస్తుంది కానీ, వాటికి వడ్డీ రాయితీ 2 లక్షల వరకే. నాలుగెకరాల వనామీ చెరువుకు అది మేతలో ఒక మూలకు వస్తుంది. అందుకని మేత డీలరే బ్యాంకు అవుతాడు. నగదుకు బస్తా 2,250, అరువుకు 2,400 అనుకోండి. సగటున రెండు నెలల అరువు పడుతుంది కాబట్టి ఇది కూడా నెలకు మూడు రూపాయల పైమాటే. ఇంత వడ్డీ అయినా తేదీ కలుస్తుంది, చెరువు పట్టిన రోజునే కట్టొచ్చు. ఆ ఒక్క సుఖం కోసమే రైతులు దాన్ని పట్టుకుని ఉంటారు. నేను చెప్పేది ఒకటే: మేత ఇచ్చినవాడే రొయ్య కొనేవాడు కాకుండా చూసుకోండి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రేటు తగ్గించి అడిగితే, అప్పు లేని రైతు ఇంకో కొనుగోలుదారుణ్ని పిలవగలడు. అప్పున్న రైతుకు ఆ వీలుండదు. పెట్టుబడిలో మూడో వంతైనా బంగారం మీద తెచ్చి మేత నగదుకు కొంటే బేరమాడే హక్కు మిగులుతుంది.

బంగారం ఎక్కడ పెట్టాలి

బ్యాంకా, గోల్డ్ లోన్ కంపెనీయా, ఊళ్లో తాకట్టు కొట్టా? వేగంలో కంపెనీ, వడ్డీలో బ్యాంకు గెలుస్తాయి. తాకట్టు కొట్టు గెలిచేదల్లా రాత్రి ఎనిమిదింటికి తలుపు తట్టగలిగే విషయంలోనే. ఆసుపత్రి అవసరమైతే కంపెనీ దగ్గరికి వెళ్లండి, తర్వాత తీరిగ్గా బ్యాంకుకు మార్చుకోండి. పంటకైతే మొదటి నుంచీ బ్యాంకులోనే పెట్టండి, వ్యవసాయ బంగారు రుణం అని అడగండి.

కంపెనీల్లో కొన్ని స్కీములకు మొదటి నెల వడ్డీ చూడముచ్చటగా ఉంటుంది. నెలనెలా వడ్డీ కట్టకపోతే మాత్రం రేటు మెట్లెక్కుతూ పోతుంది. డిసెంబరు దాకా పైసా చూడని వరి రైతు ఆ స్కీమే తీసుకుంటే పై మెట్టు రేటే కడతాడు. కాబట్టి కౌంటర్‌లో అడగాల్సిన మాట "వడ్డీ ఎంత?" అని కాదు, "ఆరు నెలలు ఏమీ కట్టకుండా ఆఖర్న ఒకేసారి కడితే మొత్తం ఎంతవుతుంది?" అని. ఆ అంకె రసీదు వెనకాల రాయించుకోండి.

2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు కొత్త నియమాలు ఇచ్చింది, 2026 ఏప్రిల్ 1 నాటికల్లా అందరూ పాటించాలి. ఇంటి అవసరాలకు తీసుకునే రుణం రెండున్నర లక్షల లోపైతే బంగారం విలువలో 85 శాతం వరకు, 5 లక్షల లోపైతే 80 శాతం వరకు, ఆ పైన 75 శాతం వరకు ఇవ్వొచ్చు. ఆఖర్న ఒకేసారి కట్టే రుణానికి గడువు ఏడాది మించకూడదు, చివరికి కట్టాల్సిన వడ్డీని కూడా కలుపుకునే ఆ శాతం చూస్తారు. బంగారం నాణ్యత మీ కళ్ల ముందే చూడాలి. బాకీ తీర్చాక నగలు ఏడు పనిదినాల్లో ఇవ్వాలి, వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున మీకు ఇచ్చుకోవాలి. ఎక్కువ శాతం ఇస్తున్నారు కదా అని నగ మీద ఆఖరి రూపాయి దాకా తీసేయకండి. బంగారం ధర కాస్త జారితే వేలం నోటీసు ముందుగా వచ్చేది అలాంటివాళ్లకే.

చీటీ: అప్పా, పొదుపా?

రెండూ. ఎప్పుడు పాడుకున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. లక్ష చీటీ, 20 మంది, 20 నెలలు, నెలకు 5,000. మూడో నెల ఒకాయన 25,000 పోగొట్టుకుని పాడుకుని 75,000 ఎత్తాడు. మొదటి మూడు నెలలు తలా 4,000, తగ్గింపు పోను మిగతా 17 నెలలు సగటున 4,500 కట్టారనుకుందాం. ఆయన మొత్తం కట్టింది 88,500, పుచ్చుకుంది 75,000. "పదమూడున్నర వేలే కదా పోయింది" అంటాడాయన. అప్పటికే తన 12,000 అందులో ఉంది కాబట్టి ఆయనకు నిజంగా అప్పుగా అందింది 63,000. దాన్ని 17 నెలల్లో 76,500గా తీర్చాడు. వడ్డీ నెలకు రెండు రూపాయల పావలా దగ్గర తేలుతుంది. అదే చీటీలో ఆఖరిదాకా ఆగినావిడ కమీషన్ 5 శాతం పోను 95,000 ఎత్తింది, కట్టింది అదే 88,500. ఆవిడకు ముప్పావలా వడ్డీ వచ్చినట్టు, అంటే ఏడాదికి 9 శాతం.

అందుకని చీటీ ఆగగలిగినవాళ్లకు పొదుపు, ఆగలేనివాళ్లకు చేబదులు కంటే ఖరీదైన అప్పు. ఇంట్లో బంగారం ఉండి కూడా మూడో నెల చీటీ పాడుకోవడం నాకైతే ఎప్పుడూ అర్థం కాదు. ఆగేవాళ్లకు ఉన్న ప్రమాదం వేరే ఉంది. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయిన చీటీకి నిర్వాహకుడు చీటీ విలువంత హామీ రిజిస్ట్రార్ పేర చూపాలి, కమీషన్ 7 శాతం దాటకూడదు. ఊళ్లో నోటిమాట మీద నడిచే చీటీకి ఇవేవీ ఉండవు. ఆ 9 శాతం మీకు వచ్చేది చీటీ నడిపే అక్క ఊళ్లో ఉన్నంతవరకే. రిజిస్టర్ చీటీ అయితే రిజిస్ట్రేషన్ సంఖ్య అడిగి చిట్ రిజిస్ట్రార్ కార్యాలయంలో సరిచూసుకోండి. ఊరి చీటీయే వేయాలనుకుంటే, పోయినా పిల్ల పెళ్లి ఆగనంత మొత్తానికే వేయండి.

మిగిలిన డబ్బు

ఇక్కడ తెలివైన పెద్దలు కూడా బోల్తా పడేది సొసైటీ దగ్గర. ఊరి సహకార సంఘం, జిల్లా సహకార బ్యాంకు ఒకే గొడుగు కిందివిలా కనిపిస్తాయి. డిపాజిట్ బీమాకు మాత్రం అవి ఒకటి కాదు. వాణిజ్య బ్యాంకు, గ్రామీణ బ్యాంకు, జిల్లా సహకార బ్యాంకుల్లో ఒక్కొక్కరికి ఒక్కో బ్యాంకులో అసలూ వడ్డీ కలిపి 5 లక్షల వరకు బీమా ఉంది, 2020 ఫిబ్రవరి 4 నుంచి. ఊరి ప్రాథమిక సంఘంలో వేసిన డిపాజిట్‌కు ఆ బీమా లేదు. అర శాతం ఎక్కువిస్తున్నారని జీవితకాలపు సొమ్మంతా అక్కడ పెట్టకండి. ఎరువులకు, పంట రుణానికి సొసైటీ మంచిదే. డిపాజిట్ జిల్లా బ్యాంకులోనో, వేరే బ్యాంకులోనో వేసుకోండి, 5 లక్షలు దాటితే రెండు బ్యాంకుల్లోకి విడగొట్టండి. రెండు శాఖల్లో వేస్తే సరిపోదు, బ్యాంకులే వేరు కావాలి. ఇంకో ముక్క: చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మిగతా మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. వాటిలో రెండింట్లో విడివిడిగా దాచుకున్నవాళ్లకు ఇప్పుడు అది ఒకే బ్యాంకు, ఒకే 5 లక్షలు.

ఫిక్స్‌డ్ డిపాజిట్టా, ఆర్‌డీనా (నెలనెలా ఇంతని వేసే రికరింగ్ డిపాజిట్) అంటే జీతగాళ్లకు, దుకాణదారులకు ఆర్‌డీ. మే ఆఖరుకి గడువు తీరేలా ఏడాదికి వేసుకుంటే జూన్ ఫీజులకు సరిపోతుంది. పోస్టాఫీసు ఆర్‌డీ అయిదేళ్లది. మూడేళ్లకు ముందు తీయనివ్వరు, ఆ తర్వాత కూడా గడువుకు ముందే తీస్తే పొదుపు ఖాతా వడ్డీయే ఇస్తారు. కాబట్టి ఫీజుల కోసమైతే బ్యాంకుదే నయం. వరి రైతుకు ఆర్‌డీ అస్సలు పొసగదు. సార్వా డబ్బు చేతికి రాగానే దాన్ని మూడు ముక్కలు చేసి ఒకటి ఫిబ్రవరికి, ఒకటి జూన్ మొదటి వారానికి, ఒకటి ఏడాదికి డిపాజిట్ చేయండి. 2025లో రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 6.5 నుంచి 5.25కు తగ్గించాక డిపాజిట్ వడ్డీలు కూడా తగ్గాయి, అందువల్ల గొప్ప వడ్డీ ఏమీ రాదు. జూన్‌లో రెండు రూపాయలకు తేవాల్సిన 40,000 తేకుండా ఉంటే ఆర్నెల్లలో మిగిలే 4,800 రూపాయలే దానికి అసలు వడ్డీ. సంక్రాంతికి ముందే డిపాజిట్ చేసేయండి, పండగ తర్వాత అంటే చేయడానికి ఏమీ మిగలదు. పందేల గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

అరవై దాటినవాళ్లకు సీనియర్ సిటిజన్ పథకం, ఆడపిల్లకు సుకన్య సమృద్ధి. 2024లో రెండూ 8.2 శాతం ఇచ్చాయి, రేట్లు మూడు నెలలకోసారి సమీక్షిస్తారు. పెద్ద బ్యాంకుల మామూలు డిపాజిట్లు వాటి దరిదాపుల్లోకి రావు, ఇందులో పోల్చడానికేం లేదు.

డిపాజిట్ చేద్దామని వెళ్లిన అమ్మమ్మ చేతిలో అయిదేళ్ల బీమా పాలసీ పెట్టి పంపడం మాత్రం మా ఇంట్లోనే జరిగింది. కాగితం మీద "ప్రీమియం" అన్న మాట కనిపిస్తే అది డిపాజిట్ కాదని గుర్తు. పాలసీ అందిన 30 రోజుల్లోపు వద్దని రాసిస్తే, చిన్న కోతలు పోను డబ్బు వెనక్కి ఇవ్వాలి.

"బ్యాంకు ఏమిస్తుంది, మనమే రూపాయిన్నరకి తిప్పుదాం" అనేవాళ్లూ ఉన్నారు. తిప్పండి. ప్రోనోటుకు కాలపరిమితి మూడేళ్లు. ఆ లోపు కొంత పుచ్చుకుని, నోటు వెనక అప్పు తీసుకున్నవాడి చేతే చెల్లు రాయించి సంతకం పెట్టించకపోతే కోర్టులో అది చిత్తు కాగితం. 18 శాతం వడ్డీ అయిదేళ్లు వచ్చి, ఆరో ఏడు అసలే పోతే ఏడాదికి ఎంత మిగిలినట్టో వేసుకుని చూడండి.

కొట్టు, బండి, నర్సరీ

రావులపాలెం అరటి మార్కెట్ పక్కన టిఫిన్ బండికి డైలీ ఫైనాన్సు ఎందుకు తియ్యగా ఉంటుందంటే రోజూ వచ్చే డబ్బుకు రోజూ కట్టే వాయిదా అతికినట్టు సరిపోతుంది. 10,000 రాసుకుని 9,000 చేతిలో పెట్టి రోజుకు వంద చొప్పున నూరు రోజులు తీసుకుంటారు. మొదటి రోజు నుంచే అసలు తిరిగి పోతుంటుంది కాబట్టి ఆ 9,000 నూరు రోజులూ మన దగ్గర ఉండదు, సగటున అందులో సగమే వాడుకున్నట్టు. లెక్క తీస్తే నెలకు ఆరు రూపాయల పైచిలుకు వడ్డీ. పట్టణంలో బండి ఉన్నవాళ్లకు స్వనిధి పథకంలో మొదట 15,000, అది తీర్చాక 25,000, ఆ తర్వాత 50,000 ఇస్తారు, సరిగ్గా కడితే 7 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. పల్లెల్లో కొట్టుకు ముద్రా రుణం: శిశు 50,000 వరకు, కిశోర్ 5 లక్షలు, తరుణ్ 10 లక్షలు, తరుణ్ తీర్చినవాళ్లకు 20 లక్షల వరకు. హామీ అక్కర్లేదు. వాటికి వాయిదా నెలకోసారి. అలవాటు మార్చుకోకుండానే, డైలీ వాడికిచ్చే ఆ వందనే రోజూ సాయంత్రం వేరే ఖాతాలోకి ఫోన్‌లో పంపేస్తే నెలాఖరుకు వాయిదా సిద్ధం.

బ్యాంకు ముద్రా ఇవ్వలేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం కౌంటర్ మీద అంటించిన క్యూఆర్ దగ్గర ఉంటుంది. రోజుకు ఏడెనిమిది వేలు ఫోన్‌పేలో పడుతున్నా అదంతా భార్య పొదుపు ఖాతాలోకో, కొడుకు ఖాతాలోకో పోతుంటుంది. అడిగే నాటికి కొట్టు పేరున టర్నోవర్ సున్నా. కొట్టు పేరున తెరిచే కరెంటు ఖాతాకు వడ్డీ రాదు, కనీస నిల్వ ఉంచాలి, నిజమే. ఏడాదిలోపు రుణం అడగబోయేవాళ్లకు ఆ కనీస నిల్వ మీద పోయే వడ్డీ ఒక చిన్న ఖర్చు. రుణం జోలికి పోననుకునే చిన్న కిరాణాకు తొందర లేదు గానీ ఇంటి డబ్బు, కొట్టు డబ్బు ఒకే ఖాతాలో కలిపితే ఏ నెల లాభమో ఏ నెల నష్టమో దేవుడికే తెలియాలి.

యంత్రం కొంటే, అంటే కొబ్బరి నూనె గానుగో, పీచు మిషనో అయితే, వాయిదాల్లో తీర్చే టర్మ్ లోన్ తీసుకోండి. సరుకు కోసమైతే సీసీ, అంటే లిమిట్ లోపల తీసుకుంటూ కట్టుకుంటూ ఉండే క్యాష్ క్రెడిట్. కడియం నర్సరీ, అంబాజీపేట కొబ్బరి వర్తకం లాంటివాటికి సీసీ బాగా కుదురుతుంది. 5 లక్షల లిమిట్‌లో 3 లక్షలు నాలుగు నెలలు వాడితే 10 శాతం చొప్పున వడ్డీ 10,000. మిగతా ఎనిమిది నెలలు వాడకపోతే వడ్డీ లేదు. నెలనెలా స్టాకు వివరాలు ఇవ్వాలి, ఏటా రెన్యువల్ ఉంటుంది. సీసీ డబ్బుతో మేడ మీద గది వేసినవాళ్లకు మాత్రం ఆ ఖాతా ఎప్పుడూ లిమిట్ అంచునే వేలాడుతుంటుంది, సీజన్లో సరుకు కొనడానికి మళ్లీ రెండు రూపాయల దగ్గరికే పోతారు.

గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు

రాజోలు, నరసాపురం చుట్టుపక్కల కువైట్, మస్కట్ వెళ్లినవాళ్లు లేని వీధి తక్కువ. చాలామంది పాత పొదుపు ఖాతాలోకే పంపుతుంటారు. దేశం వదిలి ఉద్యోగానికి వెళ్లాక దాన్ని ఎన్‌ఆర్‌ఓగా (విదేశాల్లో ఉండేవాళ్ల ఇక్కడి ఆదాయానికి ఉండే ఖాతా) మార్పించాలి, అక్కణ్నుంచి పంపే డబ్బుకు ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవాలి. ఎన్‌ఆర్‌ఈలో వడ్డీ మీద ఇక్కడ పన్ను లేదు, డబ్బు ఎప్పుడైనా తిరిగి అక్కడికి తీసుకుపోవచ్చు. ఇక్కడి అద్దె, కౌలు డబ్బు ఎన్‌ఆర్‌ఓలోకి పడాలి. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ ఏడాది నిండకుండా తీస్తే వడ్డీ అసలు రాదు. ఇంటి ఖర్చుకు పంపేది మాత్రం నేరుగా ఇంట్లోవాళ్ల ఖాతాకే పంపడం తేలిక. వెళ్లినావిడ కష్టార్జితమంతా భర్త ఖాతాలోనో, అన్న ఖాతాలోనో పేరుకోవడం మంచిది కాదని మాత్రం గట్టిగా చెబుతాను. తన పేర ఎన్‌ఆర్‌ఈ ఖాతా ఉంచుకుని, ఇంటికి కావలసినంతే విడిగా పంపాలి.

ఏ ఖాతా అయినా నామినీ పేరు చూసుకోండి. 2025 నవంబరు 1 నుంచి నలుగురి దాకా పెట్టొచ్చు, ఎవరికెంత వాటానో రాయొచ్చు. ప్రధానమంత్రి బీమా పథకాలు రెండింట్లోనూ చేరి ఉంటే మే ఆఖరులో ఖాతాలో 456 రూపాయలు ఉండేలా కూడా చూసుకోండి: ప్రమాద బీమాకు 20, జీవిత బీమాకు 436 అప్పుడే కోస్తారు, చెరొక 2 లక్షల బీమా. బ్యాంకుతో పేచీ వస్తే ముందు శాఖలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు పుచ్చుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు తీర్చే అధికారి) ఎలా ఫిర్యాదు చేయాలో 14448 నంబరుకు ఫోన్ చేసి కనుక్కోవచ్చు, ఫీజు లేదు. ఫోన్‌లో మోసపోతే మాత్రం 30 రోజులు, రసీదులు అనుకోకుండా ఆ క్షణమే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి.